అద్దము కాని అద్దము

మన యిండ్లలోనికి కొంతకాలముగా ఒక క్రొత్త రకపు అద్దము ప్రవేశించినది. కొడుకు ఆటలలో గెలిచి తెచ్చిన కప్పు, కూతురు కూచిపూడి నాట్యమాడి అందుకొన్న జ్ఞాపిక, తాతగారి కండ్లజోడు, అమ్మమ్మగారి కుంకుమ భరిణె, ఇట్టి వానిని చిన్న పెట్టెలలో నుంచి ముందుగదిలో నిలుపుకొనుచున్నాము. ఆ పెట్టెల గోడలు కొబ్బరినీటివలె తేటగా ఉండును. చూచినవారందఱు వానిని అద్దాలపెట్టెలనియే పిలుతురు. నిజమునకు అది అద్దము కాదు. దాని పేరు ఆక్రిలిక్. మచిలీపట్నపు నగల దుకాణములో హారమును నిలబెట్టిన పీఠము కావచ్చును, గుడివాడలో ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుని గదిలోని బహుమతుల పెట్టె కావచ్చును, చేతితో తట్టి చూచినచో అద్దమువలె ఖంగున మ్రోగదు, మొద్దుగా పలుకును. అద్దమువలె చల్లగానుండదు. క్రింద పడినచో అద్దమువలె ముక్కలుముక్కలై చెల్లాచెదరు కాదు. ఇన్ని సుగుణములు గల ఆ వస్తువునకు ఒక్క లోపము కలదు. అది త్వరగా గీతలు పడును. ఆ గీతలు ఎట్లు పడుచున్నవి, వానిని ఎట్లు పోగొట్టవలెను, ఎక్కడ చేయి ఆపవలెను అను విషయములను గూర్చి ఈ ప్రసంగములో ముచ్చటించుకొందము.

ఈ విషయమును మేము ఎత్తుకొనుటకు కారణము దివిసీమలోని ఒక యిల్లు. ఇటీవల ఒక కార్యక్రమమునకై పెద్దల జ్ఞాపకములను ధ్వనిముద్రణ చేయుటకు ఆ ప్రాంతమునకు వెళ్ళితిమి. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనను గూర్చి ఆ సీమలో చెప్పనివారు లేరు. ఆ దినమున సముద్రము ఊళ్ళమీదికి నడచి వచ్చి వేలకొలది ప్రాణములను తీసికొనిపోయినది. మేము వెళ్ళిన యింటి తల్లికి అప్పుడు ఇరువది యయిదేండ్లు. మూడేండ్ల ఆడబిడ్డ నీళ్ళలో చేయి జారిపోయినది. బిడ్డ దొరకలేదు. నీరు తీసిన పిమ్మట బురదలో బిడ్డ కాలి వెండి కడియము ఒకటి దొరికినది. అది ఇన్నేండ్లును గుడ్డమూటలో, పెట్టె అడుగున ఉన్నది. తరువాత పుట్టిన కుమారుడు పెరిగి పెద్దవాడై, తల్లి దానిని మాటిమాటికి మూట విప్పి చూచుకొనుట గమనించి, బందరులో ఒక ఆక్రిలిక్ పెట్టె చేయించి తెచ్చి, అందులో కడియమునుంచి, దేవుని పటముల ప్రక్కన పెట్టెను.

ఆనాటి నుండి ఆ తల్లి ప్రతి ఉదయము స్నానము చేసి వచ్చి, చీరచెఱగుతో ఆ పెట్టెను తుడుచుట అలవాటు చేసికొనినది. సంవత్సరములు గడచినవి. ఆమెకు కండ్లలో శుక్లములు వచ్చినవి. శస్త్రచికిత్స జరిగినది. కట్టు విప్పిన తరువాత వీధి కనిపించినది, చెట్టుమీది కొంగ కనిపించినది. ఇంటికి వచ్చి పెట్టె ముందు నిలువగా లోనున్న కడియము మాత్రము పొగమంచులో ఉన్నట్లుండెను. మాతో ఆమె పలికిన మాటలివి: "కన్ను బాగయిందనే అనుకున్నాను బాబూ. అన్నీ కనపడతన్నాయి. ఈ పెట్టె దగ్గరకొచ్చేసరికే మళ్ళీ మసక. ఆపరేషను సరిగా కుదర్లేదేమోనని భయపడ్డాను."

లోపము కంటిలో లేదు, పెట్టెలో ఉన్నది. పెట్టె ముందరి పలకనిండ వేలకొలది సన్నని గీతలు సాలెగూటివలె అల్లుకొని ఉన్నవి. కండ్లు మసకబారినంతకాలము ఆ గీతలు ఆమెకు కనబడలేదు. కండ్లు తేటపడిన పిమ్మట కనబడినవి. ఆ గీతలను గీచినది మఱెవ్వరో కాదు. ప్రతిదినము ప్రేమతో తుడిచిన ఆమె చేయియే. ఈ సంగతిని ఆమెకు ఎట్లు చెప్పవలెనో తోచక మేము కొంతసేపు మౌనముగా నుంటిమి. కుమారుడే అందుకొని, "పోనీలే అమ్మా, కొత్త పెట్టె చేయించుకొస్తాను" అనెను. ఆమె తల అడ్డముగా ఆడించి, "కొత్తదాని మీద మాత్రం తిరిగేది నా చెయ్యే కదరా!" అనెను.

ఆ మాటలో ఈ ప్రసంగమునకు కావలసిన సారమంతయు ఉన్నది. గీతను పోగొట్టుట సగము పని. గీతను గీచిన చేతికి క్రొత్త అలవాటు నేర్పుట మిగిలిన సగము. మొదట ఆ పదార్థమును గూర్చి కొంత తెలిసికొందము.

ఆక్రిలిక్ అనునది రసాయనశాలలో పుట్టిన గట్టి పారదర్శక పదార్థము. 1930 తరువాతి కొలది యేండ్లలో జర్మనీ, ఇంగ్లండు దేశములందు దానిని పలకలుగా పోతపోయు విధానము సిద్ధించినది. 1933లో జర్మనీలో దానికి ప్లెక్సిగ్లాస్ అను వ్యాపారనామము పెట్టిరి. ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ అనిరి. ఇది అద్దముకంటె తేలిక. ఒకే కొలతగల అద్దపుపలక బరువులో సగమునకు లోపుగానే తూగును. తనపై పడిన వెలుగులో నూటికి 92 పాళ్ళను అవతలికి పోనిచ్చును. అందుచేతనే రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానచోదకుని తలపై కప్పుగా దీనిని వాడిరి. ఆ కప్పులు పగిలినపుడు కొందఱు చోదకుల కండ్లలో దీని తునకలు నాటుకొనినవి. ఆ తునకలను కన్ను సహించుచున్నదని ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ అను నేత్రవైద్యుడు గమనించి, 1949లో లండను నగరమున ఇదే పదార్థముతో చేసిన కటకమును శుక్లము తీసిన కంటిలో అమర్చెను. నేడు శుక్లములకు అమర్చు కటకములలో పెక్కు ఈ ఆక్రిలిక్ జాతికి చెందినవే. దివిసీమ తల్లి కంటిలోనిదియు ఆ జాతిదే కావచ్చును. అట్లయినచో ఆమె చూపునకును, ఆమె చూడగోరిన పెట్టెకును చుట్టరికము కలదన్నమాట!

ఇట్టి పదార్థము గీతలకు ఇంత సులభముగా లొంగుటేమి? ఒక వస్తువు మఱొక వస్తువును గీయగలదా లేదా అను దానినిబట్టి ఖనిజముల కాఠిన్యమును కొలుచు పద్ధతిని జర్మనీ దేశీయుడు మోస్ అను శాస్త్రజ్ఞుడు 1812లో ఏర్పఱచెను. ఆ కొలతలో మెత్తని బలపపురాయి 1, వజ్రము 10. మన వ్రేలిగోరు సుమారు 2½. కిటికీ అద్దము 5½ ప్రాంతము. ఆక్రిలిక్ 3 ప్రాంతమున నిలుచును. నదీతీరపు ఇసుకలో హెచ్చుపాలుగానుండు స్ఫటికపు రేణువు 7. అనగా మన డెల్టాలో గాలితో లేచు దుమ్ములోని ఒక్కొక్క ఇసుకరేణువు ఆక్రిలిక్ పాలిటికి ఒక్కొక్క ఉలి.

ఇక్కడ మా మనస్సునకు ఒక పాత సంగతి స్ఫురించుచున్నది. దివిసీమకు పడమట, కృష్ణ ఆవలి ఒడ్డున భట్టిప్రోలు కలదు. అక్కడి బౌద్ధస్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినపుడు రాతిపేటికలు, వానిలో స్ఫటికపు భరిణెలు బయల్పడినవి. పవిత్రమైన అవశేషమును పారదర్శకమైన భరిణెలో నుంచవలెనను కోరిక ఈ తీరమున క్రీస్తుకు పూర్వమే ఉన్నదన్నమాట. ఆ భరిణెలు చేసిన స్ఫటికమును, మన పెట్టెను గీయుచున్న ఇసుకరేణువును ఒకే పదార్థము! పూర్వులు స్ఫటికముతో భరిణె చేసికొనిరి. మనము స్ఫటికమునకు లొంగిపోవు పదార్థముతో చేసికొనుచున్నాము. కనుక మన భరిణెను కాపాడుకొను జాగ్రత్తయు మనమే పడవలెను.

మఱియొక చిక్కు కలదు. పొడిగుడ్డతో ఆక్రిలిక్‌ను రుద్దినపుడు అందు స్థిరవిద్యుత్తు పుట్టును. తల దువ్వుకొన్న దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు ఆ పలక గాలిలోని ధూళిని తనవైపు లాగుకొనును. తుడిచినకొలది దుమ్ము చేరును. దుమ్ము చేరినకొలది తుడుతుము. గుడ్డకు, పలకకు నడుమ చిక్కిన రేణువు ప్రతి తుడుపులోను ఒక గీత గీచును. చీరచెఱగున జరీ ఉన్నచో, చేతికి గాజులున్నచో చెప్పవలసిన పని లేదు. ఈ పొరపాటు చేసినవారిలో మేమును ఉన్నాము. మా యింటి గ్రామఫోను మూతను ఏండ్ల తరబడి పొడిగుడ్డతో తుడిచి, అది మసకబారుటకు వయస్సే కారణమని నమ్మితిమి.

ఇక గీత యనగా నేమి? అది పలకలో పడిన సన్నని కాలువ. చదునైన చోట వెలుగు తిన్నగా దాటిపోవును. కాలువ అంచులు తగిలినచోట చెదరిపోవును. ఆ చెదరిన వెలుగే మనకు తెల్లని గీతగా కనబడును. పలకను తడిపి చూడుడు. గీత చాలవఱకు మాయమగును. నీరు ఆ కాలువను నింపి వెలుగు త్రోవను సరిచేయుట ఇందుకు కారణము. ఆరగానే గీత మరల ప్రత్యక్షమగును. కొబ్బరినూనె రాచినచో గీత ఇంకను బాగుగా మాయమగును. కొందఱు దీనినే చికిత్సయనుకొందురు. కాని నూనె దుమ్మును పట్టి ఉంచును. ఆ దుమ్ము క్రొత్త గీతలకు మూలమగును. కావున నింపుట చికిత్స కాదు. కాలువ అడుగువఱకు చుట్టునున్న గట్టును దించుటయే నిజమైన చికిత్స. పొలము చదును చేయు రైతునకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

గట్టును దించినచో క్రొత్తగా పైకి వచ్చిన ముఖము మరల తేటగా ఉండునా? ఉండును. ఏలననగా ఆక్రిలిక్ పైనుండి అడుగువఱకు ఒకే పదార్థము. బందరు కవరింగు నగలను తలచుకొన్నచో ఈ భేదము స్పష్టమగును. ఆ నగపై బంగారము పలుచని పొర. లోపల వేఱు లోహము. దానిని గరుకు కాగితముతో రుద్దినచో బంగారము పోయి రాగి బయటపడును. ఆక్రిలిక్ మాత్రము కడ్డీ బంగారము వంటిది. ఎంత అరగదీసినను అదే సరకు. అయితే కొన్ని ఆక్రిలిక్ పలకలకు గీతలు పడకుండుటకో, వెలుగు తళుక్కుమనకుండుటకో పైపూత వేసి అమ్ముదురు. అవి కవరింగు నగల వంటివే. వానిని రుద్దరాదు, రుద్దినచో పూత పోయి మచ్చ నిలుచును. పెట్టె చేయించునపుడే పలకకు పూత కలదా లేదా అని అడిగి తెలిసికొనుట మంచిది. తెలియనిచో అడుగున, కంటికి కానరాని మూలను కొంచెము రుద్ది పరీక్షింపవలెను.

ఇప్పుడు పనిలోనికి దిగుదము. మొదటి నియమము: పెట్టెలోని వస్తువును బయటకు తీసి వేఱొక చోట భద్రపఱుపవలెను. రుద్దునపుడు వచ్చు తెల్లని నీరు, పాలిషు ముద్ద, వాని వాసన లోని వస్తువునకు తగులరాదు. రెండవ నియమము: పెట్టెను ముందు నీటితో కడుగవలెను. నీళ్ళు ధారగా పోసి దుమ్మును జార్చిన పిమ్మట, గిన్నెలు కడుగు మెత్తని ద్రవసబ్బు రెండు మూడు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీటిలో మెత్తని నూలుగుడ్డ తడిపి, అదుమకుండ తుడువవలెను. పలుమాఱులు ఉతికి మెత్తబడిన పాతపంచె ముక్క ఇందుకు శ్రేష్ఠము. గీతలని మనము భ్రమపడినవానిలో కొన్ని మరకలై ఈ కడుగుడుతోనే పోవును.

ఆరిన పిమ్మట గోరుతో పరీక్ష చేయవలెను. గీతకు అడ్డముగా గోటిని తేలికగా నడిపి చూడుడు. గోరు ఎక్కడను ఆగక జారిపోయినచో అది పైపై గీత. కొంచెము తెలిసీ తెలియకుండ తగిలినచో మధ్యరకము. గోరు చిక్కుకొని ఆగినచో లోతైనది. వెలుపలివైపు గోటికి ఏమియు తగులక, గీత మాత్రము స్పష్టముగా కనబడుచున్నచో లోపలివైపు కూడ తడిమి చూడవలెను. లోపలి గీతకై వెలుపల ఎంత రుద్దినను ప్రయోజనము లేదు.

పైపై గీతలకు గరుకు కాగితముతో పని లేదు. ప్లాస్టిక్కునకై ప్రత్యేకముగా అమ్ము పాలిషు ముద్ద సెనగగింజంత తీసికొని, తడిపి పిండిన నూలుగుడ్డతో చిన్న చిన్న సున్నలు చుట్టుచు తేలికగా రుద్దవలెను. ముద్ద ఎండిపోవునంతవఱకు ఆగక, తడిగానుండగనే మఱొక శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడవలెను. ఒక్కసారితో పోనిచో మూడు నాలుగు సారులు. అది దొరకనిచో తెల్లని పండ్లముద్దతో కూడ సన్నని గీతలు కొంతవఱకు తగ్గును. పండ్లముద్దలోనుండునది మెత్తని సున్నపుపొడివంటి రాపిడి పదార్థమే. రంగురంగుల జెల్లు ముద్దలు వలదు. గరుకు ఎక్కువగల పండ్లపొడులు అసలే వలదు.

మధ్యరకపు గీతలకు నీటితో రుద్దు గరుకు కాగితము కావలెను. బండ్లకు రంగులు వేయు పనివారు దీనిని వాటరు పేపరు అందురు. గుడివాడవంటి పట్టణములో రంగుల దుకాణమున అడిగినచో అంకెలవారీగా ఇత్తురు. అంకె పెరిగినకొలది నునుపు పెరుగునని జ్ఞాపకముంచుకొనవలెను. మధ్యరకపు గీతకు 1000 లేక 1200 అంకెతో మొదలుపెట్టి, 1500, తరువాత 2000 వఱకు పోవలెను. లోతైన గీతకు 600తో ఆరంభించి 800, 1000, 1500, 2000 అను మెట్లను వరుసగా ఎక్కవలెను. మెట్టు దాటవేసినవాడు మరల క్రిందికి దిగి రావలసినదే.

కాగితమును వ్రేళ్ళతో పట్టి రుద్దరాదు. వ్రేలిమొనల ఒత్తిడికి పలకలో గుంటలు పడును. మెత్తని రబ్బరు ముక్కకు చుట్టి పట్టవలెను. కాగితమును, పలకను ఎప్పుడును తడిగానుంచవలెను. గీతమీద మాత్రమే కాక, దాని చుట్టును అరచేతి వెడల్పున, అంచులకు పోను పోను తేలికగా రుద్దవలెను. మొదటి కాగితముతో ఒక దిక్కున రుద్దినచో, రెండవదానితో దానికి అడ్డదిక్కున రుద్దవలెను. మొదటి కాగితము గీచిన గీతలన్నియు రెండవదాని గీతల క్రింద మాయమైనవో లేదో ఇట్లు సులభముగా తెలియును. మాయమైన పిమ్మటనే మూడవదానికి పోవలెను. ఒక్కొక్క మెట్టునకు నడుమ పలకను, గుడ్డను, నీళ్ళ గిన్నెను, చేతులను కడుగవలెను. మొదటి కాగితపు రేణువు ఒక్కటి చివరి మెట్టువఱకు వెంట వచ్చెనా, చేసిన పనియంతయు బూడిదలో పోసిన పన్నీరే.

ఈ పని నడుమ గృహస్థునకు గుండె జాఱు ఘట్టము ఒకటి కలదు. 600 కాగితము తగిలిన వెంటనే తేటగానున్న పలక పాలవలె తెల్లబడిపోవును. అయ్యో, చెడగొట్టితినే అని తోచును. చెడలేదు. ఒక పెద్ద గీత స్థానమున లక్ష చిన్న గీతలు వచ్చినవి, అంతే. పెద్ద గీతను చిన్న గీతలు తినివేయును, చిన్నవానిని అంతకంటె చిన్నవి తినివేయును. కంటికి అందనంత సన్నమైనపుడు మనము దానిని తేటదనమందుము. 2000 కాగితము పిమ్మట పాలిషు ముద్దతో ఓపికగా రుద్దగా రుద్దగా పాలనీరు విఱిగి తేటనీరు తేలినట్లు పలక తేటపడును.

యంత్రముతో పాలిషు పట్టించువారు ఒక సంగతి మఱువరాదు. ఆక్రిలిక్ సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి మెత్తబడును. వేగముగా తిరుగు చక్రమును ఒకేచోట ఆనించినచో రాపిడి వేడికి పలక కరిగి పులుముకొనిపోవును. తక్కువ వేగముతో, చక్రమును కదుపుచునే ఉండవలెను. చేతితో చేసిన పని ఆలస్యమైనను ఇంటిపెట్టెకు అదియే క్షేమము. మంట చూపి అంచులను నునుపు చేయు విద్య పలకలు కోయు పనివారిది. అతికిన పెట్టెపై దానిని ప్రయోగించినచో అతుకులవద్ద పగుళ్ళు పుట్టును.

ఇక చేయరానివి. స్పిరిటు, అసిటోను, పెట్రోలు, రంగులలో కలుపు తిన్నరు, గోళ్ళరంగు తుడుచు ద్రవము, అమ్మోనియా కలిసిన అద్దములు తుడుచు ద్రవము, వీనిలో ఏదియు ఆక్రిలిక్‌ను తాకరాదు. తాకిన వెంటనే హాని కనబడక పోవచ్చును. అతుకులు, వంపులు ఉన్నచోట పలకలో అణగియున్న బిగువు ఈ ద్రవముల స్పర్శకు సన్నని పగుళ్ళ వలగా బయటపడును. గీత పైపైనిది, ఈ పగులు లోనికి పోవును. దీనికి చికిత్స లేదు. దివిసీమ యింట కుమారుడు మాకు పెట్టె వెనుక మూలను చూపినాడు. ఎవరో చెప్పగా స్పిరిటుతో తుడిచినాడట. అక్కడ ఎండిన చెఱువు అడుగువలె నెఱ్ఱెలు వచ్చియున్నవి. అదృష్టవశమున అతడు ముందువైపు తుడువకముందే ఆపినాడు.

ఆ యింటివారికి పైన చెప్పిన పద్ధతినంతయు వివరించి వచ్చితిమి. మఱొకమాఱు ఆ దారిన పోవుట తటస్థించినపుడు ఆగి చూచితిమి. కుమారుడు రెండు ఆదివారములు కూర్చుండి పని చేసెనట. ముందు పలకమీది సాలెగూడు పూర్తిగా పోయినది. కడియముమీది చిన్న మువ్వ, దాని నెఱ్ఱెలో ఇంకను నిలిచియున్న నల్లని మన్ను వఱకు స్పష్టముగా కనబడుచున్నవి. అయినను పలక నడుమ ఒక్క గీత మాత్రము నిలిచియున్నది. ఒకనాడు హారతిపళ్ళెము చేయిజారి తగిలినచోట పడినది. గోరు చిక్కుకొనునంత లోతు. "దాన్ని కూడా తీసేద్దామని కూర్చున్నానండి. అరగదీసే కొద్దీ లోపల కడియం వంకరగా కనపడతంటే ఆపేశాను" అని అతడు చెప్పెను.

అతడు ఆపుటయే యుక్తము. మూడు మిల్లీమీటర్ల పలకలో అర మిల్లీమీటరు లోతు గీత పడినదనుకొందము. దానిని పూర్తిగా పోగొట్టవలెనన్నచో ఆ చోట పలక దళసరిలో ఆఱవవంతును తీసివేయవలెను. అక్కడ పలక పల్లమై కటకమువలె పనిచేయును. లోని వస్తువు వంగినట్లు కనబడును. గీత ఒకచోట కనబడును. పల్లము మొత్తము చూపునే చెఱచును. చూపునకు అడ్డురాని లోతు గీతను అంచులు మాత్రము నునుపు చేసి వదలుట మంచిది. అడ్డువచ్చినచో ఆ పలకను మార్పించుట మంచిది. తల్లిని అడిగితిమి, ఆ గీత మాటేమని. "ఉండనీయండి బాబూ. మువ్వ కనపడతంది, అది చాలు" అనెను.

ఇప్పుడామె పెట్టెను చీరచెఱగుతో తుడుచుట లేదు. ప్రతిదినము తుడుచుటయు లేదు. మెత్తని కుంచెతో, తాకీ తాకనట్లు, దుమ్మును రాల్చును. వారమునకు ఒకమాఱు తడిపి పిండిన నూలుగుడ్డతో ఒకే దిక్కుగా ఒత్తిడి లేకుండ తుడిచి, మఱొక మెత్తని గుడ్డతో అద్దును. గాజులు మోచేతివైపునకు త్రోసికొని మఱీ తుడుచుచున్నది. నలువది యేండ్లకు మించిన దుఃఖము పట్టిన అలవాటును డెబ్బది దాటిన వయస్సులో మార్చుకొనుట చిన్న విషయము కాదు. ఉదయము స్నానానంతరము పెట్టె ముందు నిలుచుట మాత్రము ఆమె మానలేదు. చేయి ముడుచుకొని చూచును.

పెట్టె కొనువారికి మఱి రెండు మాటలు. బొగ్గుతోను, రంగు సుద్దలతోను వేసిన చిత్రములకు ఆక్రిలిక్ కప్పు వేయరాదు; స్థిరవిద్యుత్తు ఆ పొడిని చిత్రమునుండి లాగివేయును. వానికి అద్దమే తగినది. పెడనలో అద్దిన కలంకారీ వస్త్రమును గోడకు తగిలించుకొనువారు ఆక్రిలిక్ వాడవచ్చును గాని, ఎండ సోకుచోట పెట్టరాదు. పలక ఎంత తేటయైనను ఎండ పడినచో రంగు వెలియక మానదు. ఘంటసాల పురావస్తు ప్రదర్శనశాలవంటి చోట్లకు పిల్లలను తీసికొనిపోయినపుడు, ఎదుట పెట్టె ఏదైన ఉన్నచో దానిమీద వ్రేలితో చూపుట, ఉంగరపు చేయి ఆనించుట మాన్పింపవలెను. అట్టి పెట్టెలు మసకగానున్నను మనము తుడువబోరాదు. అది అక్కడి నిపుణుల పని. రాతిశిల్పము రెండువేల యేండ్లు నిలిచినది. దానిని మన పిల్లలకు చూపవలసిన పలక రెండేండ్లలో మసకబారరాదు.

మన తీరమున వస్తువులు నిలుచుట దుర్లభము. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్నమును ముంచిన ఉప్పెన ఎన్ని యిండ్ల జ్ఞాపకములను తుడిచిపెట్టినదో లెక్క లేదు. మిగిలిన కొద్దింటిని పెట్టెలలో పెట్టుకొనుచున్నాము. కనుక నేటి సాయంకాలము మీ యింటి ముందుగదిలోని పెట్టెను దీపమునకు ఎదురుగా పట్టి ఒక్కమాఱు చూడుడు. సాలెగూటివంటి గీతలు కనబడినచో కంగారుపడవలదు; పొడిగుడ్డను మాత్రము ప్రక్కన పెట్టుడు. గిన్నెడు గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, ఒక పాతపంచె ముక్క తెచ్చుకొనుడు. తక్కిన పని ఆదివారమునాడు తీరికగా చేసికొనవచ్చును.